లోఁతు కొలిచిన నావికుఁడు



కడచిన కార్తికమాసమున మేము కుటుంబముతోఁ గందకుర్తికి స్నానమునకుఁ బోయితిమి. ఉదయమున నిజామాబాదులో బస్సెక్కి, బోధనులో దిగి, మఱియొక బస్సు పట్టుకొని పోవు ప్రయాణ మది. ఒకప్పు డీ దారి పొడవునను జెఱకుతోఁటలే యుండెడివి. చెఱకుబండ్ల వెనుకఁ బరుగెత్తి గడలు లాగుకొన్న పిల్లలలో మేమును నుంటిమి. 1937లో స్థాపింపఁబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూఁతపడిన పిదపఁ జెఱకు తగ్గిపోయినది. నేఁడు కిటికీలోనుండి చూచినచో వరిమళ్లే యెక్కువగాఁ గానవచ్చుచున్నవి. బోధనునకుఁ దొల్లిటి పేరు ఏకచక్రపురమని పెద్దలు చెప్పుదురు. ఈ మాటను జదువరులు జ్ఞాపకముంచుకొనవలెను; దీనితో మాకుఁ దరువాతఁ బని పడినది.

కందకుర్తికడ మంజీరయు హరిద్రయు గోదావరిలోఁ గలియుచున్నవి. గోదావరి తెలంగాణమునఁ బ్రవేశించు తావును నదియే. మోకాలిబంటి నీటిలో నిలిచి మేము దీపము విడుచుచుండఁగా, ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్న మా యమ్మాయి ప్రక్కకు వచ్చి, "అమ్మా, నేను నౌకాదళములోఁ జేరవలెనని యున్నది. ఎన్.డి.ఏ. పరీక్షకు దరఖాస్తు పెట్టుకొందునా?" అని మెల్లగా నడిగెను.

మాకు గుండె జల్లుమన్నది. చిన్ననాఁడు మా తాతగారికడఁ జదివిన ధర్మసూత్రము నోటికి వచ్చినది. పతనహేతువులను జెప్పుచు బౌధాయనులవారు మొదటనే సముద్రయానమును బేర్కొనిరని చెప్పి, "మన యింట నోడ యెక్కినవా రెవ్వరును లేరు. పుణ్యదినమున నిట్టి మాట లేల?" అని కసరితిమి. అమ్మాయి బదులు చెప్పలేదు. ప్రవాహమునఁ బోవుచున్న దీపమును గొంతసేపు చూచి, "ఈ నీళ్లు పోవున దెక్కడికమ్మా?" అని మాత్ర మడిగెను. దానికి మేము బదులు చెప్పలేదు.

ఆ రాత్రి భోజనములైన పిదప మావారితో నీ సంగతి చెప్పితిమి. వారు బడిపంతులు, వాదమునకు దిగరు, పాఠము చెప్పుదురు. "బౌధాయనుల మాట నిజమే. కాని 1244లోఁ గాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున వేయించిన శాసన మున్నది. తుఫానునకుఁ జిక్కి యొడ్డునఁ బడిన యోడలలోని సరకులను వెనుకటి రాజులు కొల్లగొనెడివారు. దానిని మాన్పి, సుంకము మాత్రమే పుచ్చుకొని తక్కినదంతయు సొంతదారులకే విడుతుమని యాయన యభయ మిచ్చెను. సముద్రముమీఁదఁ బోవువారిని మనవారు వెలివేయనే కాదు, కాపాడిరి కూడ. ఇఁక నీకొక మనుష్యుని కథ చెప్పెదను. విన్న తరువాత నీ యిష్టము" అనిరి. ఆ కథనే మాకుఁ దెలిసినంత వఱకు విస్తరించి యిక్కడఁ జెప్పుచున్నాము. తల్లులైనవారు మాతోపాటు తామును నాలోచింపవలయునని మా కోరిక.

కటారి రామదాసుగారు 1911 అక్టోబరు 8వ తేదీన చెంగల్పట్టులో జన్మించిరి. చదివినది సికిందరాబాదులోని మహబూబు కళాశాల పాఠశాలలో. అమెరికాకు నోడ యెక్కుటకుఁ గొలఁది నెలలు ముందు, 1893 ఫిబ్రవరిలో, వివేకానందస్వామి తమ పశ్చిమయాత్ర యుద్దేశమును గూర్చి ప్రసంగించిన విద్యాలయ మదియే. సముద్రము దాఁటుట పాపమా కాదా యని జనులు తర్కించుచుండిన దినము లవి. అటుపిమ్మట ముప్పదినాలుగేండ్లకు నా బడిలోఁ జదివిన పిల్లవాఁ డొకఁడు సముద్రమునే వృత్తిగాఁ జేసికొనఁ బోయెను.

1927లో బొంబాయి రేవున 'డఫరిన్' అను నావమీఁద మన దేశపు బాలురకు నౌకావిద్య నేర్పు పాఠశాల యొకటి తెఱవఁబడెను. అంతవఱకు మనవారు ఓడలలో బొగ్గు వేయువారుగను, వంటవారుగను, కళాసులుగను ఉండిరే కాని, ఓడను నడపించు నధికారులుగా నుండుట మిక్కిలి యరుదు. ఆ నావమీఁదఁ జేరిన మొదటి జట్టులో రామదాసుగా రుండిరి. అప్పటికి వారికిఁ బదునాఱేండ్ల ప్రాయము. మన సికిందరాబాదునుండి యే దిక్కునకుఁ బోయినను సముద్రము వందలకొలఁది మైళ్ల దూరము. చెఱువులు తప్ప నెఱుఁగని యూరినుండి కొడుకును బొంబాయి రేవునకుఁ బంపిన యా తల్లిని గూర్చి మేము చాలసేపు తలఁచుకొంటిమి. చదువు ముగించునాఁటికి వైస్రాయి బంగారు పతకము వారి దయ్యెను.

పతకము పొందినవానికి వెంటనే పెద్దయోడ దొరకినదని తలఁపకుఁడు. వారికి లభించిన పని కలకత్తా రేవు కమిషనర్ల కొలువున హుగ్లీనదిని సర్వే చేయుట. హుగ్లీ జిత్తులమారి నది. దాని యడుగున నిసుక తిన్నెలు నిలుకడలేక కదలుచుండును. నిన్న లోఁతుగా నుండిన చోట నేఁడు మెరక లేచును. పైకిఁ జూచిన నీరంతయు నొక్కతీరే. అందుచేత నిత్యమును లోఁతు కొలిచి, పటములు దిద్ది, ఓడలకు దారి చూపువా రుండకతప్పదు. నావికులు లోఁతు కొలుచుటకుఁ బూర్వమునుండి వాడినది త్రాటికిఁ గట్టిన సీసపు గుండు, కొలఁత బారలలో. బావిలో నీరెంత యున్నదో చూచుటకు మనము చేఁదత్రాటిని జాఁచిన చేతులతోఁ గొలుచు బార యదియే. నదిమీఁది కొలువులో రామదాసుగారి తొలి యౌవనము గడచినది. వారి తక్కిన జీవితమున కంతటికి నిదియే పునాది యని మాకుఁ దోఁచినది: పైనీటిని జూచి మోసపోవక, భయపడక, లోఁతెఱిఁగి నడచుట.

1939లో మహాయుద్ధము రాఁగా వారు నౌకాదళపు వాలంటీరు రిజర్వులోఁ జేరి, జలాంతర్గాములను గనిపెట్టు విద్యలో నిపుణులైరి. నీటిలోనికి శబ్దమును బంపి, దేనికైనఁ దగిలి మరలివచ్చు ప్రతిధ్వనినిబట్టి శత్రువు జాడ తెలిసికొను విద్య యది. కుండలు కొనునప్పుడు వ్రేలితోఁ దట్టి బీఁట యున్నదో లేదో మనము చెవితోఁ దెలిసికొందుము గదా! చూడ వీలులేని దానిని వినికిడితోఁ బట్టుకొనుట యెంత నేర్పో కుండ తట్టిన వారికిఁ దెలియును.

ఆ యుద్ధకాలమున మన నౌకాదళమునకుఁ గట్టిన నావలకు నదుల పేరులు పెట్టిరి: జమున, నర్మద, గోదావరి, కృష్ణ, కావేరి. 1947లో దేశము విభజింపఁబడినప్పుడు నావలును బంపకమున కెక్కెను. గోదావరి యను నావ పాకిస్థానునకుఁ బోయెను. ఏ నది నీటిలో మేము దీపము విడిచితిమో యా పేరుగల యోడ పరదేశపుఁ జెండా నెత్తికొన్నదని వినునప్పటికి మా కన్నులు చెమ్మగిల్లినవి.

స్వాతంత్ర్యము వచ్చినను నౌకాదళమునకు మనవాఁ డధిపతి యగుటకుఁ బదునొకొండేండ్లు పట్టెను. పదాతిసేనకు 1949లో కరియప్పగారును, వాయుసేనకు 1954లో ముఖర్జీగారును అధిపతులైరి. నౌకాదళమున నొక భారతీయునికి అధికారి పదవి దొరకుటయే 1928లో మొదలు. ఆపైని క్రిందినుండి పైకిఁ బెరిగిన యనుభవశాలు రెందఱుందురు? ఓడ నడపుట పుస్తకమునఁ దేలునది కాదు. కావున బ్రిటిషు అధికారులే యొకరి తరువాత నొకరుగా నా పీఠముమీఁదఁ గూర్చుండుచు వచ్చిరి. 1956లో రామదాసుగారు భారత నౌకాసముదాయమును నడపిన మొదటి భారతీయులైరి. 1958 ఏప్రిలు 22వ తేదీన మన నౌకాదళమునకుఁ దొలి భారతీయాధిపతి యైరి. ఆ నాఁ డా పదవికిఁ గల హోదా వైస్ అడ్మిరలు.

వారి కాలముననే 'విక్రాంత్' అను విమానవాహక నౌక మనకు వచ్చెను. సగము కట్టి విడిచిన బ్రిటిషు నౌకను 1957లో మన ప్రభుత్వము కొని పూర్తి చేయించెను. 1961 మార్చి 4వ తేదీన బెల్ఫాస్టు నగరమున దానిని మన నౌకాదళమునఁ జేర్చిన వేడుకకుఁ బెద్ద యెవరనుకొనుచున్నారు? అప్పుడు లండనులో మన హైకమిషనరుగా నుండిన విజయలక్ష్మీ పండితుగారు. స్త్రీకి సముద్రముతో నేమి పని యని కందకుర్తిలో మేము మనసులో ననుకొన్న మాట కిదియొక జవాబు. అదే సంవత్సరము డిసెంబరులో గోవాను పోర్చుగీసువారినుండి విడిపించినప్పుడు మన నావలును బోరాడినవి. అంజదీవి యను చిన్న దీవిని బట్టుకొనుటలో నేడ్గురు నావికులు ప్రాణములు విడిచిరి. నౌకాజీవనమనఁగాఁ దెల్లని దుస్తులును బ్యాండుమేళమును మాత్రమే కాదని యమ్మాయికిఁ దెలియుటకై యీ మాటను మావారు రెండుసారులు చెప్పిరి.

1962 జూన్ నెలలో వారు పదవీవిరమణ చేసిరి. అప్పటికి వారికి నేఁబదియేండ్లే. తరువాతి సంగతి విని మేము నవ్వితిమి, పిదప నవ్వు మాని యాలోచించితిమి. విక్రాంతు వంటి నౌక తన యాజ్ఞలో నుండిన యా మహనీయుఁడు ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షుఁడై, 1964 వఱకు నాపని చూచెను! 1932లో నిజాం రాజ్యమున నిరువదియేడు బస్సులతో మొదలైన కొలువు, 1958లో నా సంస్థగా మాఱినది. అనఁగా మా నిజామాబాదునుండి బోధనునకుఁ జెఱకుతోఁటల నడుమఁ బోయిన బస్సులు కొంతకాల మొక నౌకాధిపతి యేలుబడిలో నుండిన వన్నమాట. మా యత్తగారు బాల్యమున నా బస్సులో గంపతోఁ గూర్చుండి పోయినవారే. నావికుఁ డధికారి మాటకు 'చిత్త' మనును. బస్సు తప్పిన ముసలమ్మ యెవ్వరికిని 'చిత్త' మనదు, తిట్టును. పెద్దకొలువు చేసినవాఁడు దీనిని జిన్నతనముగా నెంచక చేయుట మాకు మెచ్చుగా నున్నది.

పిమ్మట 1964లోనే వారు బర్మాకు భారత రాయబారిగాఁ బోయి, 1969 వఱకు రంగూనులో నుండిరి. ఇక్కడ సోదరీమణులు కొంచె మాగవలెను. మనవారు 'రంగము' అని పిలిచిన యా పట్టణము తెలుగువారికిఁ గ్రొత్తది కాదు. గోదావరి సముద్రమునఁ గలియు చోటికి దాపున కోరంగి రేవున్నది. అక్కడి యోడలెక్కి యెందఱో తెలుగువారు రంగమునకుఁ గూలికిఁ బోయిరి. అందుచే నక్కడ మనవారికిఁ 'గొరంగీ'లని పేరే పడిపోయినది. కందకుర్తిలో మేము విడిచిన నీరే కోరంగి దరిఁ జేరి కడలిలోఁ గలియుచున్నది. అమ్మాయి ప్రశ్నకు బదులు మాకా రాత్రి దొరకినది.

రామదాసుగారు పోయిన కాలము మంచిది కాదు. 1962లో బర్మాలో సైన్యాధిపతి నెవిన్ ప్రభుత్వమును జేఁజిక్కించుకొనెను. 1964 మార్చిలో దుకాణములు జాతీయము చేయఁబడెను. మే నెలలో నేఁబది, నూఱు చాట్ల నోట్లు చెల్లవని ప్రకటించిరి. తరతరములుగా నక్కడనే పుట్టి పెరిగిన భారతీయులకు నంగడి లేదు, పని లేదు, దాఁచుకొన్న నోటునకు విలువ లేదు. లక్షకుఁ బైఁబడిన జనము కొలఁది యేండ్లలో నోడలమీఁద మరలి వచ్చిరి. సొమ్మును నగలను దెచ్చుకొనుటకుఁ గఠినమైన కట్టుబా ట్లుండెను. ఆ స్త్రీల సంగతి తలఁచుకొనుఁడు: పుట్టిన యింటిని విడిచి, చేతిగాజులు లెక్కపెట్టించుకొని, ఎన్నఁడును జూడని 'స్వదేశము'నకు వచ్చుట! విశాఖపట్టణమున నేఁటికిని బర్మా క్యాంపు అను పేట యున్నది. అది వారు దిగిన తావు.

ఇట్టిచో రాయబారికిఁ గల బల మెంత? నౌకాధిపతి యాజ్ఞ యిచ్చినఁ జాలును, ఓడ తిరుగును. రాయబారి కాజ్ఞ లేదు. మాట యొక్కటియే యున్నది. పరదేశపుఁ జట్టమును మార్పఁజాలఁడు. కోపగించి లేచిపోయెనా, అక్కడ మిగిలిన తనవారికే కీడు. సైన్యమంత బలము గలిగియుఁ గౌరవసభలో మాటతోడనే నిలిచిన శ్రీకృష్ణుని రాయబారమును భారతమునఁ జదివిన వారికి నీ కష్టము తెలియును. నిన్న లోఁతైన చోట నేఁడు మెరక లేచు హుగ్లీనది యిక్కడ మరల వారి కెదురైన దనుకొంటిమి. వారక్కడ నుండఁగనే, 1967 మార్చి 10వ తేదీన, భారతదేశమునకును బర్మాకును నడిమి సరిహద్దు నిర్ణయించు నొడంబడిక రంగూనులో జరిగెను. మనుష్యులను గూర్చిన దుఃఖము తీఱని కాలముననే రెండు దేశములు కయ్యము లేక గట్టు నిర్ణయించుకొనుట సామాన్యము కాదు.

రామదాసుగారు తమ నావికజీవితమును గూర్చి యాంగ్లమునఁ దామే వ్రాసికొన్న గ్రంథము 1982లో వెలువడెను. మఱుసటి సంవత్సరము, 1983 జనవరి 21వ తేదీన, చిన్ననాఁడు చదువుకొన్న సికిందరాబాదుననే వారు కన్నుమూసిరి.

కథ ముగిసినది. మావారు దీపము తగ్గించి పండుకొనిరి. మాకు నిద్ర పట్టలేదు. అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది ఏకచక్రపురము. మేమెన్నిసారులో బస్సు మాఱిన యా బోధనులోనే కదా, బ్రాహ్మణుని యింటఁ దలదాఁచుకొన్న కుంతీదేవి తన కొడుకును బకాసురునికడకుఁ బంపెను! ధర్మరాజంతటివాఁడు వినియుఁ దల్లిని దప్పుపట్టెను. ఆమె చలింపలేదు. మొండితనముచేఁ గాదు, లక్కయింటినుండి యందఱను మోసికొని వచ్చిన భీముని బలమెంతయో యామె కన్నులారఁ జూచి యుండెను. ఆమె బిడ్డ లోఁతు కొలిచిన తల్లి. మేమో, మా బిడ్డ లోఁతును గాని సముద్రపు లోఁతును గాని కొలువకయే, మోకాలిబంటి నీటిలో నిలిచి సూత్రము వల్లించితిమి.

ఇంకొక నిజ మొప్పుకొనవలెను. ఇదే మాట మా కొడుకు చెప్పినచో మేము బౌధాయనులను దలఁచి యుండము; ఇరుగుపొరుగులకుఁ జెప్పి మురిసి యుందుము. అడ్డువచ్చినది సముద్రము కాదు. అమ్మాయి ఆఁడుపిల్ల యగుటయే. ఆ రాత్రి యీ సంగతి మాకు సిగ్గు కలిగించినది.

మఱునాఁ డమ్మాయినే కూర్చుండఁబెట్టి యడిగి తెలిసికొంటిమి. మన నౌకాదళము 1992 నుండియే స్త్రీలను అధికారులుగాఁ జేర్చుకొనుచున్నదఁట. 2017 సెప్టెంబరులో గోవానుండి 'తారిణి' యను తెఱచాప నావమీఁద నాఱుగురు స్త్రీలే బయలుదేఱి, భూగోళమును జుట్టి 2018 మేలో మరలి వచ్చిరఁట. వారిలో నొకరు హైదరాబాదు ఆడపడుచు ఐశ్వర్యగారు, మఱియొకరు విశాఖపట్టణపు స్వాతిగారు. ఎన్.డి.ఏ. తలుపులు బాలికలకు 2022లోఁ దెఱవఁబడినవి. 2025 మే నెలలోఁ బదునేడ్గురు బాలికల తొలిజట్టు చదువు ముగించినది. ఇవన్నియు నమ్మాయికిఁ గంఠస్థములు. ఇంటిలో నెన్నాళ్లనుండి యీ కోరికను దాఁచుకొని యున్నదో!

మేము వెంటనే సరే యనలేదు. "ముందు ఈఁత నేర్చుకొనుము. లెక్కలలో వెనుకఁబడితివి, అది సరిచేసికొనుము. అంజదీవిలో నేడ్గురు చనిపోయిన మాట మఱవకుము. ఇవన్నియుఁ గొలుచుకొన్న తరువాతఁ గూడ నీ మనసు నిలిచినచో దరఖాస్తు పెట్టుము" అని చెప్పితిమి. అమ్మాయి యేడ్చునేమో యనుకొంటిమి, "అంతేనా?" అని నవ్వెను. ఆ వారమునుండియే పట్టణములోని యీఁతకొలనికిఁ బోవుచున్నది. లెక్కలు వాళ్ల నాన్నగారు చెప్పుచున్నారు. దరఖాస్తు మా యెదుటనే పంపినది. ఫలిత మేమగునో దైవమునకుఁ దెలియును. పంపినందుకు మాకు భయము పోలేదు. కాని మునుపటి భయమునకు అడుగు లేదు, ఇప్పటిదానికి నున్నది.

మాఘమాసమున మరలఁ గందకుర్తికిఁ బోయితిమి. ఈసారి పడవ యెక్కితిమి. అమ్మాయి యింటినుండి తెచ్చిన త్రాటికి రాయి కట్టి, సంగమము నడుమ నీటిలోనికి జాఱవిడిచెను. రాయి యడుగంటఁగానే త్రాటిని దడిసిన మేర పట్టుకొని పైకిఁ దీసి, చేతులు చాఁచి కొలిచి, "రెండు బారలమ్మా" అనెను. మాకు నమ్మకము చాలక, త్రాటిని దీసికొని మేమును జేతులు చాఁచి కొలిచితిమి. రెండు బారల మీఁద మఱికొంత వచ్చినది. పడవవాఁడు నవ్వి, "తప్పు కాదమ్మా, బిడ్డ చేతులు మీ చేతులకన్న పొడుగు" అనెను.